వీణ పాలిష్ పూసిన హెడ్‌లైట్లు

ఈ మధ్య మా వీధిలో పాత కార్లు కొనే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. కొన్న కొత్తలో పాటల పెట్టె మారుస్తారు, సీట్లకు కవర్లు వేయిస్తారు, ఆ తర్వాత హెడ్‌లైట్లు పసుపెక్కి ఉన్నాయని గుర్తించి నా దగ్గరికి వస్తారు. అప్పటికే ఫోన్లో ఏదో వీడియో చూసి ఉంటారు. టూత్‌పేస్టు రాసి గుడ్డతో తుడిస్తే చాలట. నేను వద్దనను. కొన్నాళ్ళు మెరుస్తాయి, తర్వాత మొదటికన్నా మబ్బుగా తయారవుతాయి, అప్పుడు మళ్ళీ వస్తారు. ఆ రెండోసారి వచ్చినప్పుడు బకెట్టు, తడిపి రుద్దే వాటర్ పేపరు బయటికి తీస్తాను.

పని నేర్పడానికి నాకేమీ ఇబ్బంది లేదు. కానీ పేపరు నీళ్ళలో ముంచి అద్దం మీద పెట్టేసరికి నాకు కుదురు పోతుంది. లేచి గేటు దాకా వెళ్తాను, వస్తాను, బిగించిన నట్టునే మళ్ళీ బిగిస్తాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి, ఆ కుర్రాడు చేసుకుంటాడు, మీరు కాసేపు కూర్చోండి అంటుంది. ఏమిటి మాస్టారూ ఈ కంగారు అని కుర్రాళ్ళు అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకసారి రాసి పెట్టేస్తే మంచిదనిపించింది.

నేను విజయనగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయం వాహనాల షెడ్డులో హెడ్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పబోయేది నా ఆఖరి సంవత్సరం సంగతి. షెడ్డులో నా తోటివాడైన డ్రైవరు ఒకాయన ఉండేవాడు. నాకంటే కొంచెం చిన్న. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ బావా అంటే బావా అని పిలుచుకోవడం అలవాటైపోయింది. ఆఫీసరు గారి కారు ఆయనే నడిపేవాడు. మెత్తగా నడిపేవాడు. వెనక సీట్లో ఫైళ్ళు చదువుకునే ఆఫీసర్లందరికీ ఆయనే కావాలి.

ఆ కారు మంచిదే. కానీ దాన్ని పెట్టే రేకుల షెడ్డు తుఫానుకు పడిపోయాక మళ్ళీ ఎవరూ కట్టించలేదు. ఏళ్ళ తరబడి ఎండలోనే నిలబడింది. ఈ కాలం హెడ్‌లైట్లకు అద్దం అని మనం పేరుకే అంటాం, అది ప్లాస్టిక్. పైన కంపెనీవాడు పూసిన సన్నటి పొర ఒకటి ఉంటుంది. ఎండకు ఆ పొర కాలిపోతే కింద ప్లాస్టిక్ పసుపెక్కి, గరుకెక్కి, వెలుగును లోపలే ఆపేస్తుంది. మా కారు లైట్లు ఆవనూనె సీసాల రంగుకు వచ్చేశాయి. కొత్తవి కావాలని నేను రాసిన కాగితం పై ఆఫీసుకు వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం బొబ్బిలి నుంచి తిరిగి వస్తూ మా డ్రైవరు రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న మీదికి కారు ఎక్కించాడు. మన వైపు తెలిసిందే, పంట చేతికొస్తే సగం రోడ్డు కళ్ళమే. గింజల చుట్టూ బండ్లు తొక్కకుండా రాళ్ళు పేరుస్తారు. కారు ఆ రాళ్ళ మీద ఎక్కి దిగింది. ఆఫీసరు గారి తల పైకప్పుకు తగిలింది. రైతు పరుగున వచ్చి, ఇంత పెద్ద రాళ్ళు కనపడలేదా అని అడిగాడట. అదృష్టం ఏమిటంటే గింజల పక్కన రోజూ కాపలా పడుకునే ముసలాయన ఆ వేళకు ఇంకా రాలేదు.

మర్నాడు ఆఫీసరు గారు మమ్మల్నిద్దరినీ పిలిచారు. ఆయన దక్షిణం వైపు నుంచి వచ్చిన మనిషి, గొంతు పెంచని మనిషి. డ్రైవరు కళ్ళ మీద తనకు అనుమానంగా ఉందన్నారు. మా బావ, కళ్ళు కాదు బాబూ, లైట్లు అన్నాడు. నేను కారు చూపించాను. లైట్లు నిజంగానే అంత అధ్వాన్నంగా ఉన్నాయి. ఆఫీసరు గారు ఒక మాట చెప్పారు. ముందు లైట్లు బాగుచేయండి. వచ్చే వారం సాలూరు క్యాంపు ఉంది, చీకటి పడే వేళకు తిరిగి వస్తాం, నేను ముందు సీట్లో కూర్చుంటాను. అప్పుడు కూడా ఇలాగే ఉంటే ఈయన్ని మెడికల్ బోర్డుకు రాయక తప్పదు.

బోర్డుకు రాయడమంటే ఏమిటో మా షెడ్డులో అందరికీ తెలుసు. అంతకుముందు ఒక డ్రైవరును అలాగే రాశారు. అన్‌ఫిట్ అన్నారు. జీతం పోలేదు. గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు. తను నడిపిన జీపుకే రోజూ గేటు తీసేవాడు. జీపు దాటేటప్పుడు తల తిప్పేసుకునేవాడు. మా బావకు ఆ స్టూలంటే దడ. ఆ మూలకు చూపు పోతుందని గేటు దగ్గరికొచ్చేసరికి హారను గట్టిగా కొట్టి, అటు చూడకుండా దూసుకుపోయేవాడు.

షెడ్డులో అందరి ఎదుటా వద్దు, మీ ఇంటి దగ్గర చేద్దాం అని ఆయనే అడిగాడు. అనుమతి తీసుకుని ఆదివారం కారు మా ఇంటికి తెచ్చాడు. దిగుతూనే మా ఆవిడను టూత్‌పేస్టు అడిగాడు. ఆయన కూడా ఎవరి ఫోన్లోనో చూశాడు. మా ఆవిడ, పళ్ళు తోముకోవడానికి వాడతాం అన్నయ్యా, కార్లకి మా ఇంట్లో అలవాటు లేదు అని లోపలికి వెళ్ళిపోయింది.

పని మామూలుదే. లైటు చుట్టూ రంగు పాడవకుండా టేపు వేయాలి. గరుకు పేపరుతో మొదలుపెట్టి నున్నటి పేపరు దాకా నీళ్ళు పోస్తూ రుద్దాలి. ఆఖరున పాలిష్ ముద్ద పెట్టి గుడ్డతో రుద్దాలి. మొదటి పేపరు వేసేసరికి పాత పొర కరిగి పసుప్పచ్చటి మజ్జిగలా కారుతుంది. అద్దం మొదటికన్నా గుడ్డిదైపోతుంది. కొత్తవాళ్ళు అక్కడే హడలిపోతారు. అందుకే మొదటి లైటు గుడ్డిగా అయినప్పుడు మా బావ ఏమంటాడోనని చూశాను. ఆయన హడలలేదు, మామూలుగా ఇంకో చెంబుడు నీళ్ళు పోశాడు.

నేను ఎడమ లైటు పూర్తిచేసి, నిజంగా గాజులా వచ్చాక, కుడిదానికి మొదటి పేపరు మాత్రం వేసి టీ తాగడానికి లేచాను. ఒకటి తేటగా ఉంది, ఇంకొకటి సున్నం కొట్టినట్టుంది. మా బావ కారు ముందు గొంతుక్కూర్చున్నాడు. కుడి లైటును, ఆ సున్నం కొట్టినదాన్ని, వేళ్ళతో నిమిరి అన్నాడు.

"ఏటి బావా ఇది, అద్దంలాగొచ్చీసినాది. ఇంకేటి కావాల?"

వేళాకోళం అనుకుని నవ్వబోయి ఆగాను. ఆయన నవ్వడం లేదు. తర్వాత ఎడమ లైటు చుట్టూ ఉన్న టేపు ఆయన ఊడదీస్తుంటే చూశాను. టేపు అంచును ఆయన కంటితో వెతకడం లేదు. గోటితో తడుముతున్నాడు.  గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్తే మా ఆవిడ స్టవ్ ముందు నిలబడే, గొంతు తగ్గించి అంది. "అన్నయ్యకి కనపడ్డం నేదండి. అరుగు మీదున్న చెప్పులు నాలుగుసార్లు తొక్కుకున్నాడు. మీరు రుద్దుతన్నది లైటుని."

నాకు ఆ మాట వినగానే కోపం వచ్చింది. నువ్వెందుకు మధ్యలో అన్నాను. బయటికి వచ్చి మళ్ళీ పేపరు పట్టుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా నా బాధ ఏమిటంటే, నేను ఎంత బాగా రుద్దితే ఆయనకు అంత నష్టం. లైటు మబ్బుగా ఉన్నంతసేపూ తప్పు లైటుది. అది తేటపడితే ఆయనకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. పోనీ సగంలో ఆపేద్దామా అంటే, ఆ కారు మళ్ళీ బొబ్బిలి రోడ్డెక్కుతుంది. రోడ్డు మీద ఆరబోత ఉంటుంది, దాని పక్కన ముసలాయన పడుకుని ఉంటాడు. ఒక చెయ్యి రుద్దుతుంటే ఇంకో చెయ్యి ఆపమంటున్నట్టుంది. నేరుగా అడిగేద్దామని రెండు మూడుసార్లు తలెత్తాను. ఆయన ఏదో హుషారుగా చెబుతున్నాడు, సాలూరు లారీలవాళ్ళు ఒకప్పుడు తన డ్రైవింగు చూసి ఏమన్నారో. నేను మళ్ళీ తల వంచుకున్నాను.

ఇక్కడ కుర్రాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. రుద్దడంతో పని అయిపోదు. మనం పాత పొర తీసేశాం కనుక ఎండ తట్టుకోవడానికి పైన కొత్త పొర పూయాలి. దానికి వేరే స్ప్రే డబ్బా దొరుకుతుంది. ఆ రోజు ఆదివారం, కొట్టు మూసి ఉంది. సోమవారం తెస్తానన్నాను. మా బావ కారు డిక్కీ తీసి ఒక సీసా బయటపెట్టాడు. ఆయన బావమరిది బొబ్బిలిలో వీణలు చేస్తాడు. లక్కను స్పిరిట్‌లో నానబెట్టి తయారుచేసిన పాలిష్ ఆ సీసాలో ఉంది. పనస కర్రకు పూస్తే ముఖం చూసుకోవచ్చట. కర్రకే అంత మెరుపిస్తే అద్దం సంగతి చెప్పాలా అన్నాడు.

నేను సందేహించాను. ప్లాస్టిక్ మీద అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. కానీ చాలాసేపటి నుంచి ఆయన ముఖంలోకి చూడలేకపోతున్నాను. కనీసం ఇందులోనైనా కాదనకూడదు అనుకున్నాను. దూది చిన్న గుడ్డలో చుట్టి పూశాం. నిజం చెప్పాలంటే అంత అందమైన హెడ్‌లైట్లు మా షెడ్డు మొత్తానికి లేవు. కొద్దిగా తేనె రంగు, దాని మీద ఆకాశం, జామచెట్టు కొమ్మలు. చూసిన ప్రతివాడూ ఆగిపోయేవాడు. వీణ కారు అని పేరు పెట్టేశారు. హారను కొడితే సరిగమలు వస్తాయా అని అడిగినవాడు ఒకడు, కచేరీకి టిక్కెట్టెంత అన్నవాడు ఇంకొకడు.

నేను రోజూ డైరీ రాసే మనిషిని. ఆ ఆదివారం పేజీలో పని పూర్తి అని మాత్రమే ఉంది. ఏ పేపరు వాడానో కూడా రాయలేదు. ఆ వారమంతా సరిగ్గా నిద్ర లేదు. షెడ్డులో పానాలు తీసి మళ్ళీ సర్దేవాణ్ణి. ఆయన కనిపిస్తే ఇంకో బండి కిందికి దూరేవాణ్ణి.

సాలూరు క్యాంపు రోజు వచ్చింది. మెకానిక్ కూడా ఉండాలని ఆఫీసరు గారు నన్ను రమ్మన్నారు. ఆయన ముందు సీట్లో, నేను వెనక. పగలు బాగానే గడిచింది. సాలూరులో పని ముగిసేసరికి కొండల మీద మబ్బు పట్టింది. రామభద్రపురం దాటాక చినుకు మొదలై చూస్తుండగానే జోరు వాన అయ్యింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. లైట్లు వేసి నడుపుతున్నాడు. నేను ముందు సీట్ల మధ్య నుంచి మెడ చాచి రోడ్డునే చూస్తున్నాను. మొదట వెలుగు బాగా పడింది. నాకు గర్వం కూడా కలిగింది. తర్వాత చీకటి పడేకొద్దీ తారు రోడ్డు అంచు మెల్లమెల్లగా కరిగిపోవడం మొదలైంది. రాళ్ళ గుర్తులు పోయాయి, పక్కన చెట్ల మొదళ్ళు పోయాయి, కారు ముందు ఒక తెల్లటి పొగ లాంటిది మాత్రం మిగిలింది. అద్దం మీద వైపర్లు తిరుగుతూనే ఉన్నాయి. కారు మాత్రం ఏ వేగంలో పోతోందో అదే వేగంలో పోతోంది.

"లైట్లు వేశారా?" అన్నారు ఆఫీసరు గారు.

"ఎప్పుడో ఏసినాను బాబూ."

"నాకు ముందు ఏమీ కనపడటం లేదు. పక్కకు తీసి ఆపండి."

ఆపాడు. నేను తువ్వాలు తలమీద వేసుకుని దిగాను. ముందుకు వెళ్ళి చూశాను. రెండు లైట్లూ పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. లక్క నీళ్ళకు తెల్లబడుతుందని నాకు ఆ క్షణంలో తెలిసింది. తడికి తెల్లబడి, లోపలి దీపం వేడికి మెత్తబడి, గోటితో గీస్తే బెల్లం పాకంలా వస్తోంది. మా బావ కూడా దిగి నా పక్కన నిలబడ్డాడు. ఏటయ్యింది అని నన్నే అడిగాడు. అద్దాలు తెల్లబడిపోయాయి, నీ బావమరిది పాలిష్ అని చెప్పాను. ఆయన లైటు మీద చెయ్యి వేసి, వేళ్ళకు అంటుకున్నది ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

ఆఫీసరు గారికి కిటికీ దగ్గర నుంచే విషయం చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. వీణ పాలిషా అని నవ్వారు. లోపలికి వచ్చి కూర్చోండి తడుస్తున్నారు అన్నారు. మేం కూర్చున్నాక మా బావతో, నేను మిమ్మల్ని అనవసరంగా అనుమానించాను, ఇలాంటి లైట్లతో ఎవరికి కనిపిస్తుంది, బోర్డు మాట మరిచిపోండి, కొత్త లైట్లు నేనే మాట్లాడి తెప్పిస్తాను అన్నారు.

నేను సీటుకు వెనక్కి ఆనుకున్నాను. వెంటనే మళ్ళీ ముందుకు వంగాను. ఇంతకంటే మంచి ముగింపు ఆయనకు దొరకదు. కొత్త లైట్లు వస్తాయి, స్టీరింగు ఆయన చేతిలోనే ఉంటుంది. నోరు తెరిస్తే నేనే తెరవాలి. వాన కారు మీద దంచుతోంది. ఏ మాటతో మొదలుపెట్టాలా అని వెతుక్కుంటున్నాను. దొరికినా అనేవాణ్ణో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మా బావ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, కారు స్టార్టు చేయకుండా కూర్చున్నాడు. తర్వాత ఆఫీసరు గారి వైపు తిరగకుండానే మాట్లాడాడు.

"బాబూ, మీరు ఆపమన్నారని ఆపినాను. దిగి దగ్గిరికెల్లి సూసినా, బావ సెప్తేనే తెలిసింది తెల్లబడ్డాయని. నడుపుతన్నప్పుడు నాకు తేడా తెలీనేదు. ముందటేల బొబ్బిలి నుంచొచ్చినప్పుడు ఎలాగున్నాదో ఇయ్యాల కూడా అలాగే ఉన్నాది."

 ఆయన తలుపు తీసుకుని దిగి, వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "బావా, నువ్వు తోలు. నాను ఎనక కూసుంటాను."

తువ్వాలుతో ఆ పాకం తుడవగలిగినంత తుడిచి నేను స్టీరింగు పట్టాను. అప్పటికీ వెలుగు అంతంతమాత్రమే. సాలూరు లారీ ఒకటి మమ్మల్ని దాటి వెళ్తే దాని వెనకున్న ఎర్రదీపం పట్టుకుని, అది ఎంత నెమ్మదిగా పోతే అంత నెమ్మదిగా విజయనగరం చేరాం. దారిలో అద్దంలో ఒకసారి చూశాను. మా బావ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడని ఆఫీసరు గారు అనుకున్నారేమో. పెదవులు కదులుతున్నాయి.

మర్నాడు ఆఫీసరు గారు బోర్డుకు రాయలేదు. సెలవు మీద కంటి ఆసుపత్రికి పంపారు. ముందు డాక్టరు ఏమంటాడో చూద్దాం, కాగితాల సంగతి తర్వాత అన్నారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయట. ఇన్నాళ్ళు ఎలా నడిపావయ్యా అని డాక్టరు తిట్టాడట. దారులన్నీ తెలిసినవే కావడం వల్ల నడిపాడు. మలుపులు, గతుకులు, వంతెనలు ఆయన చేతులకు తెలుసు. మొక్కజొన్న మాత్రం ఎక్కడ ఆరబోస్తారో చేతులకు తెలియదు కదా. కోసి బాగుచేస్తే చూపు వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదా అంటే, అందరూ చెప్పారు. కంటి డాక్టరు గడప తొక్కితే ఆ కబురు షెడ్డుకు వస్తుందని, కబురు వస్తే స్టూలేనని భయపడ్డాడు.

బావమరిదికి ఈ సంగతి తెలిసి షెడ్డుకు వచ్చాడు. పాలిష్‌ను తప్పుపడుతున్నామని ఆయనకు కష్టం వేసింది. వీణని వానలో ఎవడు తడుపుతాడండీ అని నన్ను నిలదీశాడు.  స్పిరిట్‌తో ఆ లక్కంతా తీసేసి, మళ్ళీ మొదటి నుంచీ రుద్ది, అసలైన స్ప్రే తెచ్చి కొట్టాను. ఈసారి షెడ్డులోనే, అందరి ఎదుటా చేశాను. కొత్త లైట్ల కాగితం ఎప్పటిలాగే తిరుగుతోంది.

ఒక కన్ను తర్వాత ఒకటి ఆపరేషన్లయ్యాయి. డాక్టరు సరేనన్నాడు, ఆ తర్వాతే ఆఫీసరు గారు బోర్డుకు రాశారు, బోర్డు కూడా ఫిట్ అంది. మా బావ మళ్ళీ డ్యూటీకి వచ్చిన రోజు పొద్దున్న నేను కారు కడిగించి షెడ్డు ముందు పెట్టించాను. ఆయన నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, కారు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎడమ లైటు చూశాడు, కుడి లైటు చూశాడు, మళ్ళీ ఎడమది చూశాడు. మెచ్చుకుంటాడని నిలబడ్డాను.

"ఇదేటి బావా, ఇన్ని గీతలున్నాయి? గుండ్రంగా రుద్దీసినావు. నున్న పేపరు సరిగా ఎయ్యనేదు నువ్వు."

నేను వంగి చూశాను. గీతలేవీ లేవు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. లేవు. ఆయన నా వేలు పట్టుకుని గోటి కొసను అద్దం మీద నడిపించాడు. గోటికి సన్నగా తగులుతున్నాయి, ఒకదాని పక్కన ఒకటి, చాలా ఉన్నాయి. చుట్టూ నిలబడ్డ డ్రైవర్లను అడిగాను. అందరికీ కనిపిస్తున్నాయట. ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదని అడిగితే, హెడ్ మెకానిక్ గారి పని కదా అన్నారు.

ఆ వారంలోనే సెలవు పెట్టాను. అదే ఆసుపత్రికి మా బావే తన మోటారు సైకిలు మీద తీసుకెళ్ళాడు. నేను వెనక కూర్చున్నాను. ఆయన ఎప్పటిలాగే మెత్తగా నడిపాడు. అడ్డొచ్చిన మేకను అంత దూరం నుంచే చూసి వేగం తగ్గించాడు. అయినా ఆసుపత్రి గేటు దాకా నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.